భాగ్యమ్మ ఫైలు ఎక్కడుంది?



"పేరు చెప్పవ్వా."

"భాగ్యమ్మ."

"ముందు ఎప్పుడన్నా వచ్చిండావా?"

"వచ్చిండాను నాయినా. ఉగాదికి ముందర వచ్చింటిని. ఆ పొద్దు ఇంకో పాప కూచోనుండె."

హోసూరులో కానీ కృష్ణగిరిలో కానీ, ఏ చిన్న ఆసుపత్రి కవుంటరు దగ్గర ఒక పూట నిలబడినా ఈ మాటలు వినిపిస్తాయి. కవుంటరులో అమ్మాయి కంప్యూటరులో పేరు కొడుతుంది. రాదు. ఇంకో విధంగా కొడుతుంది. అప్పటికీ రాదు. వెనక పన్నెండుమంది నిలబడి ఉంటారు, లోపలినుంచి డాక్టరు గంట కొడుతూ ఉంటారు. అమ్మాయి ఇక ఆగలేక కొత్త చీటీ తీస్తుంది. ఆరేళ్ళుగా అదే ఆసుపత్రికి వస్తున్న భాగ్యమ్మ ఆ క్షణంలో కొత్త రోగి అయిపోతుంది.

నేను డాక్టరును కాను. హోసూరు ప్రాంతంలోని ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళు కవుంటరు దగ్గర, తర్వాత ఆఫీసు గదిలో పనిచేసినవాణ్ణి. ఆసుపత్రికి సాఫ్ట్‌వేరు కొనేటప్పుడు పక్కన కూర్చుని చూశాను, కొన్న తర్వాత దానితో రోజూ పడ్డ పాట్లూ చూశాను. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది అదే. చిన్న క్లినిక్కుకో, పది పడకల నర్సింగ్ హోముకో సాఫ్ట్‌వేరు ఎంచుకోవాలంటే ఏం చూడాలి? అమ్మడానికి వచ్చినవాళ్ళు బిల్లులు చూపిస్తారు, రంగురంగుల గ్రాఫులు చూపిస్తారు. నేను మాత్రం ఒకే ప్రశ్నతో మొదలుపెడతాను. భాగ్యమ్మను ఇది గుర్తుపడుతుందా?

ఇప్పుడు చెప్పబోయేది నేను కళ్ళారా చూసింది. భాగ్యమ్మ అసలు పేరు వేరు, మార్చి చెబుతున్నాను. ఒక ఆసుపత్రిలో ఆమెకు రెండు ఫైళ్ళున్నాయి. మొదటిదాంట్లో 'పెన్సిలిన్ పడదు' అని ఎర్ర అక్షరాలతో ఉంది. రెండోది పేరు దొరక్క తీసిన కొత్త ఫైలు, అందులో ఆ గడి ఖాళీ. డాక్టరు ముందు తెరుచుకున్నది ఆ రెండోదే. కాలి పుండుకు మందు రాయబోతుంటే అవ్వే అడ్డుపడింది, "ఆ సూది నాకు పడదు సామీ, పోయినసారి ఒళ్ళంతా దద్దుర్లు లేచె" అని. ఆ రోజు ఆమె నోరు ఆమెను కాపాడింది. జ్వరంతో తెలివి తప్పి వచ్చి ఉంటే ఎవరు చెప్పేవారు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు కూర్చుని ఎంతమందికి రెండేసి ఫైళ్ళున్నాయో వెతకడం మొదలుపెట్టాను.

వెతికేకొద్దీ అర్థమైంది, తప్పు కవుంటరు అమ్మాయిది కాదని. మన ఊరి పేర్లు దాటి రావలసిన దారి అలాంటిది.

భాగ్యమ్మ అనే పేరును తెలుగులో మనం 'భ'తో రాస్తాం. తమిళంలో ప, బ, భ అన్నిటికీ ఒకటే అక్షరం. క, గ లకు ఒకటి, త, ద లకు ఒకటి. తమిళనాడు రేషన్ కార్డులో ఆ పేరు తమిళంలో ఎక్కుతుంది. దాన్ని చూసి ఇంగ్లీషులోకి దించేవాళ్ళు అవ్వ నోట విననివాళ్ళయితే 'పాక్కియమ్మ' అని దించుతారు. కూతురింటికి ఆనేకల్లు పోయి అక్కడ ఆధార్ తీయించుకుని ఉంటే, కన్నడంనుంచి దిగింది కనుక 'భాగ్యమ్మ'గానే ఉంటుంది. ఒకే మనిషి, రెండు కార్డులు. ఇంగ్లీషులో ఒక పేరు 'బి' అక్షరంతో మొదలైతే ఇంకొకటి 'పి' అక్షరంతో మొదలవుతుంది. గంగమ్మ కంగమ్మ అవుతుంది, దేవమ్మ తేవమ్మ అవుతుంది. మునిరత్నమ్మ సంగతి సరేసరి, 'టీ' తర్వాత 'హెచ్' ఉందా లేదా, నడుమ ఒక 'ఐ' దూరిందా లేదా అన్నదాన్ని బట్టి ఆమెకు నాలుగు రూపాలు.

వినికిడిని బట్టి పేరు వెతికే పద్ధతి ఒకటి ఎప్పటినుంచో ఉంది. సౌండెక్స్ అంటారు. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఒకేలా వినిపించే అక్షరాలను ఆయన ఒక గుంపులో పెట్టాడు. ఆ గుంపులు చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. 'బి', 'పి' ఒకే గుంపు. 'జి', 'కె' ఒకే గుంపు. 'డి', 'టి' ఒకే గుంపు. తమిళ లిపి కలిపేసిన అక్షరాలనే ఆయనా కలిపాడు! మన హోసూరు కోసమే చేసినట్టుంది కదా అనుకున్నాను. కానీ ఒక మెలిక ఉంది. ఆ పద్ధతిలో పేరులోని మొదటి అక్షరాన్ని మాత్రం ఉన్నదున్నట్టే ఉంచుతారు, మిగతావాటినే అంకెలుగా మారుస్తారు. అందువల్ల భాగ్యమ్మకు 'బి 250' వస్తుంది, పాక్కియమ్మకు 'పి 250' వస్తుంది. అంకెలు కుదిరాయి, మొదటి అక్షరం దగ్గర మాత్రం ఇద్దరూ విడిపోయారు. మన పేర్లు ఎక్కువగా దారి తప్పేది ఆ మొదటి అక్షరం దగ్గరే.

కాబట్టి అమ్మడానికి వచ్చినవారిని నేను అడిగే మొదటి పని ఇది. మీ సాఫ్ట్‌వేరులో పాక్కియమ్మ అని ఎక్కించండి, ఇప్పుడు భాగ్యమ్మ అని వెతకండి. కనబడితే కూర్చుని మాట్లాడుకుందాం. మొదటి అక్షరాన్నీ గుంపుగా చూడమంటే అది పెద్ద పనేం కాదు, చేయగలిగినవాళ్ళు వారంలో చేసి తెస్తారు. "మీ వాళ్ళే స్పెల్లింగు సరిగా కొట్టాలి సార్" అన్నారంటే మాత్రం వాళ్ళకు మన ఊరు తెలియదని అర్థం.

పేరు తర్వాత ఇంటిపేరు. పైన ఆంధ్రలో ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడ మన తెలుగువాళ్ళకూ తమిళనాడు వాడుక ప్రకారం తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇంటిపేరు స్థానంలో ఉంటుంది, పెళ్ళయితే భర్త పేరులోది. చాలా సాఫ్ట్‌వేర్లలో 'సర్‌నేమ్' గడి నింపకపోతే ముందుకు పోనివ్వదు. కవుంటరులో అమ్మాయి ఏం చేస్తుంది? ఒక చుక్క పెడుతుంది. నేను చూసిన ఒక ఆసుపత్రి లెక్కల్లో వందలమంది ఇంటిపేరు చుక్కే. పుట్టినతేదీ గడీ అంతే. "ఎన్నేండ్లుంటాయవ్వా" అంటే "అరవై పైనే ఉంటాయిలే" అంటుంది. తేదీ లేకపోతే ఒప్పుకోని యంత్రానికి జనవరి 1 అని కొట్టి పంపిస్తారు. డెంకణికోట, అంచెట్టి వైపునుంచి వచ్చే ముసలివాళ్ళందరూ ఒకే రోజు పుట్టినట్టు ఉంటుంది ఆ పట్టీ చూస్తే. వయసు అంచనాగా వేసుకోనిచ్చి, అది అంచనా అని గుర్తు పెట్టుకునే సాఫ్ట్‌వేరు కావాలి మనకు.

ఫోను నంబరుతో గుర్తుపడతాం కదా అంటారు కొందరు. ఇంటికంతా ఒకే ఫోను ఉండే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ ఫోను కొడుకు జేబులో బెంగళూరులో ఉంటుంది. ఆ నంబరు కొడితే అవ్వ, కోడలు, ఇద్దరు పిల్లలు, పక్కింటి తిమ్మరాయప్ప, అందరూ వరసగా వస్తారు. వాళ్ళలో మన మనిషిని ఎంచుకునేలా వయసూ ఊరూ పక్కనే కనబడాలి. నాకు ఊరు చాలా ముఖ్యం. మనవాళ్ళు మనిషిని ఊరుతో గుర్తుపెట్టుకుంటారు, సూళగిరి పాపమ్మ, బేరిగ పాపమ్మ అని.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో వంద ఏళ్ళకు ముందు డాక్టరుకో లెడ్జరు ఉండేది. ఒకే రోగి ముగ్గురు డాక్టర్లను చూస్తే మూడు పుస్తకాల్లో మూడు ముక్కలుగా ఉండేవాడు. 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే డాక్టరు దాన్ని మార్చాడు. మనిషికి ఒక నంబరు, ఆ నంబరుకు ఒక ఫైలు. ఎవరు చూసినా, ఎప్పుడు చూసినా ఆ ఫైలులోనే రాయాలి. కంప్యూటర్లు లేని కాలంలో అట్టలూ కాగితాలతో చేసిన పని అది. ఈనాటి సాఫ్ట్‌వేర్లన్నీ నిలబడింది ఆ నంబరు మీదనే.

మన దేశంలో ఇప్పుడు ఆ నంబరు ఆభా రూపంలో వచ్చింది. దాన్ని ఇచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలుపెట్టారు. ఆభా నంబరుకు 14 అంకెలు. కవుంటరు మీద ఒక క్యూఆర్ కోడు అంటించి పెడితే, ఫోనున్నవాళ్ళు దాన్ని స్కాన్ చేసి తమ వివరాలు తామే పంపుకోవచ్చు, స్పెల్లింగు గొడవ ఉండదు. అది తీసుకోవడం రోగి ఇష్టం. లేదని వైద్యం ఆపకూడదు. నా మాటేమంటే, కొనే సాఫ్ట్‌వేరు ఆభాతో కలిసేదై ఉండాలి, ఆభా లేని అవ్వను కూడా అంతే మర్యాదగా గుర్తుపట్టాలి. ఇంకొకటి, రెండు ఫైళ్ళు దొరికినప్పుడు వాటిని ఒకటి చేసే వీలుండాలి. ఎవరు కలిపారు, ఏ రోజు కలిపారు అన్నది లోపల నిలిచి ఉండాలి. పొరపాటున ఇద్దరు వేర్వేరు పాపమ్మలను కలిపేస్తే మళ్ళీ విడదీయగలగాలి. ఇది చూపించమంటే చాలామంది అమ్మకందార్లు మాట మారుస్తారు.

మన ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు మనది. వేపనపల్లి వైపువాళ్ళకు కుప్పంలోని వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. హోసూరు దాటి అత్తిబెలె పోతే కర్ణాటక. బెంగళూరులో సెయింట్ జాన్స్ ఉంది, హోసూరు రోడ్డు మీదే నిమ్హాన్స్ ఉంది, బొమ్మసంద్రలో నారాయణ ఉంది. రైలెక్కినా బస్సెక్కినా వెల్లూరు సీఎంసీ ఉంది. 2022 జనవరి 12న మన కృష్ణగిరిలోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. రోగి ఈ అన్నింటికీ తిరుగుతాడు. కాగితాలన్నీ బట్టల కొట్టువాళ్ళిచ్చిన కవరులో పెట్టుకుని, దాన్ని చంకలో పెట్టుకుని వస్తాడు. మన క్లినిక్ సాఫ్ట్‌వేరు ఆ కవరును గౌరవించాలి. బయటి కాగితాలను ఫోనుతో ఫొటో తీసి ఆ మనిషి ఫైలులో తేదీ ప్రకారం పెట్టుకునే వీలుండాలి. మన దగ్గరనుంచి పోయేటప్పుడు, అవతలి డాక్టరుకు ఒక్క పేజీలో అర్థమయ్యేలా సారాంశం అచ్చయి రావాలి. జబ్బు, వాడుతున్న మందులు, పడని మందులు, చివరి పరీక్షలు. ఒక్క పేజీ చాలు. పదకొండు పేజీల ప్రింటు తీసే సాఫ్ట్‌వేరును నేను చూశాను, పేజీ పేజీకీ ఆసుపత్రి బొమ్మే పెద్దగా ఉండేది.

బయట తీసుకునే మందుల సంగతి కూడా ఉంది. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలుపెట్టింది. షుగరు, బీపీ ఉన్నవాళ్ళ ఇంటికే వచ్చి మాత్రలిచ్చి పోతారు. చాలా మంచి పని. కానీ అవ్వ మన క్లినిక్కుకు మోకాళ్ళ నొప్పులని వచ్చినప్పుడు ఆ మాత్రల మాట చెప్పదు. ఎందుకంటే అవి ఆమె లెక్కలో మందులు కావు, ఇంటికి వచ్చేవి. మన తెరమీద 'వేరేచోట తీసుకుంటున్న మందులు' అన్న గడి కనబడకపోతే, అడగాలన్న సంగతే ఎవరికీ తట్టదు. బీపీ మాత్ర వేసుకుంటున్న మనిషికి నొప్పి మాత్రలు రాస్తే కిడ్నీ మీద పడవచ్చని డాక్టర్లకు తెలుసు, వేసుకుంటున్నదనే తెలియదు.

భాష దగ్గరకు వద్దాం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత బడికి పోయిన పిల్లలు తమిళం చదువుతారు. వాళ్ళ తాతలు తెలుగు బడిలో చదివినవాళ్ళు, తెలుగే చదువుతారు. సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవాళ్ళు హిందీనో ఒడియానో చదువుతారు. మందుల చీటీ మీద 'టీడీఎస్' అని ఉంటే వీళ్ళెవరికీ అర్థం కాదు. రోగికి ఏ భాష కావాలో ఫైలులో ఒకసారి గుర్తుపెట్టుకుని, ఆ భాషలో 'పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత' అని అచ్చువేసే సాఫ్ట్‌వేరు కావాలి. "తెలుగు ఉంది సార్" అని వాళ్ళంటారు. నమ్మకండి. 'మధ్యాహ్నం' అని మీ ప్రింటరు మీదే అచ్చువేయించి చూడండి. ధ్య ముక్కలైపోయిందా, హ్న పక్కకు జారిందా, అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయా, ఒక్క మాటతో తేలిపోతుంది. టోకెన్లు తీసే చిన్న ప్రింటర్లలో అయితే ఇది తప్పకుండా చూడాలి. అక్షరం రానివాళ్ళ కోసం సూర్యుడి బొమ్మ, చందమామ బొమ్మ వేసే ఏర్పాటు ఉంటే ఇంకా మేలు.

కరెంటు, నెట్టు. హోసూరు ఊళ్ళో పరవాలేదు. తళి దాటి అడవి అంచుకు పోతే సిగ్నలు వస్తుంది పోతుంది. అంతా ఇంటర్నెట్టులోనే ఉండే సాఫ్ట్‌వేరు అయితే నెట్టు పోయిన గంట ఏం చేయాలి? లోపలున్న కంప్యూటరులోనే ఉండేదయితే, ఆ డిస్కు కాలిపోయిన రోజు ఏం చేయాలి? రెండు ప్రశ్నలకూ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగింది. దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి, రోజుల తరబడి కాగితం మీద పెన్నుతో ఓపీ నడిపింది. అంత పెద్దవాళ్ళకే తప్పలేదు. నేను చెప్పేది చిన్న పని. రోజూ రాత్రి ఒక నకలు, వారానికి ఒక నకలు తీగ పీకేసి విడిగా దాచిన డిస్కులో. నెలకొకసారి ఆ నకలును ఇంకో కంప్యూటరులో తెరిచి, భాగ్యమ్మ ఫైలు వస్తుందా అని చూడాలి. తెరిచి చూడని నకలును లెక్కలో వేసుకోకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి. ఒక క్లినిక్‌లో తొమ్మిదేళ్ళ లెక్కలున్నాయి. సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్ళు ఏడాది రుసుము మూడింతలు చేశారు. వద్దు, మారిపోతాం, మా వివరాలు మాకివ్వండి అంటే, పీడీఎఫ్‌లు ఇస్తామన్నారు. వేలమంది రోగులవి వేల పీడీఎఫ్‌లు! వాటిని ఏ కొత్త సాఫ్ట్‌వేరులోకి పోస్తారు? తొమ్మిదేళ్ళ షుగరు లెక్కలు బొమ్మలుగా మిగిలాయి. అందుకే కొనేముందే అడగండి: మేము పోతామన్న రోజున రోగుల పట్టీ, విజిట్లు, మందులు, పరీక్షల అంకెలు ఎక్సెల్‌లోనో, ఆభా వ్యవస్థకు పునాది అయిన ఫైర్ అనే పద్ధతిలోనో ఇస్తారా, అదనపు డబ్బు లేకుండా? ఒప్పందంలో రాయించుకోండి. అడగడంతో ఆగకండి, డెమో రోజునే ఎక్కించిన పది పేర్లను బయటికి తీసి ఇమ్మనండి.

ఎవరి చేతిలోనూ చిక్కకుండా ఉండాలంటే ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో గనియారి అనే ఊళ్ళో జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది, పల్లెలవాళ్ళ కోసం డాక్టర్లు నడుపుతున్నది. ఆ ఆసుపత్రి అవసరాలకోసం థాట్‌వర్క్స్ సంస్థ ఓపెన్ ఎంఆర్‌ఎస్ మీద కట్టిన సాఫ్ట్‌వేరు పేరు బామ్నీ. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మన దేశపు పల్లె ఆసుపత్రిలో పుట్టిందని నాకు దానిమీద అభిమానం. కానీ ఉచితమన్నది సాఫ్ట్‌వేరుకే, దాన్ని చూసుకునే మనిషికి జీతం ఉంటుంది. ఇద్దరు డాక్టర్ల క్లినిక్కుకు అది బరువు కావచ్చు. ముప్పై నలభై పడకల ఆసుపత్రి అయితే ఆలోచించదగ్గదే.

చట్టాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పడక మీద చేరిన రోగి లెక్కలు మూడేళ్ళు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఇది మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధన. గర్భిణులకు స్కానింగ్ చేస్తే ఫారం ఎఫ్ తప్పదు. మందుల షాపు కలిసి ఉంటే హెచ్1 రిజిస్టరు మూడేళ్ళు ఉంచాలి. ఇవి సాఫ్ట్‌వేరులో ఉన్నాయా అని చూసుకోండి. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. దానికి భయపడి కాదు కానీ, అందరూ ఒకే పాస్‌వర్డు వాడడం మానాలి. ఒక ఆడపిల్ల ఏ పరీక్షకు వచ్చిందో కవుంటరు ముందు నిలబడినవాళ్ళకు తెరమీద కనబడకూడదు. చిన్న ఊళ్ళు మనవి, మాట సాయంత్రానికి ఇల్లు చేరుతుంది.

చివరగా పరీక్ష. అమ్మేవాళ్ళ సొంత కంప్యూటరులో, వాళ్ళు తెచ్చిన పేర్లతో డెమో చూడకండి. మీ పాత ఫైళ్ళు ముప్పై తీయండి. సాయంత్రం ఫ్యాక్టరీ షిఫ్టు వదిలాక, కవుంటరు నిండా జనం ఉన్నప్పుడు పెట్టండి. మౌసు అమ్మేవారి చేతికి ఇవ్వకండి, డాక్టరూ పట్టుకోవద్దు. రోజూ కూర్చునే అమ్మాయి పట్టుకోవాలి. ఒక్కో మనిషికి ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ చుక్క పెట్టాల్సి వచ్చింది, పక్కన కూర్చుని రాసుకోండి. తర్వాత ఆమెనే అడగండి, "ఏది కొందాం అమ్మా?" అని. నేను పనిచేసినచోట్ల ఆ ప్రశ్న ఆమెను అడిగింది ఒక్కసారే.

ఆ ఒక్కసారి కొన్నది మేము చూసిన మూడింట్లో చవకదీ కాదు, అందమైనదీ కాదు. మొదటి నెలంతా మేము పాత ఫైళ్ళు కలుపుతూ కూర్చున్నాం, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత కవుంటరు మూసి. భాగ్యమ్మ రెండు ఫైళ్ళూ ఒకటయ్యాయి. పెన్సిలిన్ మాట పైకి వచ్చి, ఏ పేజీ తెరిచినా నెత్తిన ఎర్రగా నిలబడింది. ఆమె నంబరు ఒక చిన్న అట్టముక్క మీద రాసి ఇచ్చాం. దసరాకు ముందు మళ్ళీ వచ్చింది. అట్టముక్క ఇంట్లో మరిచిపోయింది. కవుంటరులో కొత్తగా చేరిన తమిళ పాప, 'పాక్కియమ్మ' అని కొట్టింది.

"బాగలూరు దగ్గరేనా అవ్వా మీది? మోకాళ్ళ నొప్పికి వచ్చిండారు కదా పోయినసారి?"

అవ్వ నన్ను చూసి, ఆ పాపను చూసి, "నన్ను ఎట్ల కనిపెట్టినావే?" అంది.